112వ ర్యాంకు ఎలా వేశారు?

మనకి ర్యాంకులు కొత్త కాదు. పేరు మార్చి ఈఏపీసెట్ అన్నా ఇంట్లో ఇంకా ఎంసెట్ ర్యాంకు అనే అంటారు. తర్వాత జేఈఈ ర్యాంకు, సెమిస్టర్ టాపర్ల లిస్టు, మన కాలేజీకి ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు. చిన్నప్పటి నుంచి ఏదో ఒక లిస్టులో మన నంబరు ఎంతో ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. అందుకే ఎక్కడ ర్యాంకు కనపడినా "ఎంత?" అని అడుగుతాం గానీ "ఎలా వేశారు?" అని అడగం.

దేశాల ఆరోగ్య వ్యవస్థలకి కూడా ర్యాంకులు ఉన్నాయి. "ప్రపంచంలో మన వైద్యం 112వ స్థానం, శ్రీలంక 76, బంగ్లాదేశ్ 88" అనే ఫార్వర్డ్ మా ఫ్యామిలీ గ్రూపులో కనీసం రెండు సార్లు వచ్చింది. రెండు సార్లూ మా బాబాయికీ మామయ్యకీ రాజకీయాల మీద గొడవ అయింది. నేను ఆ నంబర్ ఎక్కడిదా అని వెతికితే తెలిసింది, అది 2000 సంవత్సరంది. అంటే అప్పటికి నేను ఇంకా పుట్టలేదు. పాతికేళ్ళ కిందటి నంబర్ తాజా వార్తలా తిరుగుతోంది.

ఈ వ్యాసంలో ఆ ర్యాంకు ఎలా తయారైందో, అందులో ఏముందో, ఏం లేదో, ఆ తర్వాత ఇంకా మంచి పద్ధతులు ఏమొచ్చాయో చెప్తాను. మన బ్రాంచ్ వాళ్ళకి ఇందులో లెక్కలు తేలిగ్గా అర్థమవుతాయి. మిగతా బ్రాంచ్ వాళ్ళు భయపడక్కర్లేదు, కూడికలూ గుణకారాలే.

ఐదు సబ్జెక్టుల పరీక్ష

2000 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పెద్ద నివేదిక విడుదల చేసింది. అప్పుడు సంస్థకి డైరెక్టర్ జనరల్ గ్రో హార్లెం బ్రంట్‌లాండ్. అంతకుముందు ఆవిడ నార్వే ప్రధానిగా చేశారు. లెక్కల వెనక ఉన్న ముఖ్యమైన ఇద్దరు క్రిస్టఫర్ మర్రే, హూలియో ఫ్రెంక్. మొత్తం 191 దేశాలని ఒకే పట్టికలో వరసగా నిలబెట్టారు. ఫ్రాన్స్ మొదటిది, ఇటలీ రెండు, ఆ తర్వాత సాన్ మారినో, అండోరా, మాల్టా. సింగపూర్ 6, ఒమన్ 8, జపాన్ 10, బ్రిటన్ 18, అమెరికా 37, క్యూబా 39. మన దేశం 112, చైనా 144. చివర్లో సియెర్రా లియోన్.

ఒక దేశం ఆరోగ్య వ్యవస్థ బాగుందా లేదా అని ఎలా చెప్తాం? ఆస్పత్రులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలదు. వాళ్ళు ఐదు సబ్జెక్టులు పెట్టుకున్నారు.

ఒకటి, జనం ఎంతకాలం ఆరోగ్యంగా బతుకుతున్నారు. మామూలు ఆయుర్దాయంలోంచి జబ్బుతోనో వైకల్యంతోనో గడిచే కాలాన్ని తీసేస్తే వచ్చే సంఖ్య ఇది. రెండు, ఆ ఆరోగ్యం అందరికీ సమానంగా ఉందా, లేక కొందరి ఇళ్ళల్లోనే పసిపిల్లలు ఎక్కువగా పోతున్నారా. మూడు, వైద్యానికి వెళ్ళిన మనిషిని వ్యవస్థ ఎలా చూస్తోంది: మర్యాద, గోప్యత, త్వరగా చూడడం, శుభ్రమైన వసతులు, డాక్టర్ని ఎంచుకునే వీలు లాంటివి. నాలుగు, ఆ మర్యాద అందరికీ ఒకేలా దొరుకుతోందా. ఐదు, వైద్యం ఖర్చు భారం ఇళ్ళ మీద న్యాయంగా పడుతోందా.

నిజం చెప్పాలంటే ఈ ఐదూ చదివినప్పుడు నాకు చాలా నచ్చాయి. ఆస్పత్రిలో మర్యాద కూడా ఆరోగ్య వ్యవస్థలో భాగమే అని ఒక అంతర్జాతీయ సంస్థ లెక్కలోకి తీసుకోవడం చిన్న విషయం కాదు. ఓపీ క్యూలో నిలబడి "ఏయ్, పక్కకి జరుగు" అనిపించుకున్న ఎవర్ని అడిగినా చెప్తారు.

ఏ సబ్జెక్టుకి ఎన్ని మార్కులు?

ఇక్కడి నుంచే చిక్కు మొదలవుతుంది. ఐదు సబ్జెక్టుల మార్కులు కలిపి ఒకే సంఖ్య చెయ్యాలంటే ఏ సబ్జెక్టుకి ఎంత వెయిటేజీ అని ఎవరో ఒకరు నిర్ణయించాలి. వాళ్ళు మొదటి రెండిటికీ చెరో 25 శాతం, మర్యాదకి 12.5, అందులో సమానతకి 12.5, ఖర్చు న్యాయానికి 25 ఇచ్చారు.

ఈ వెయిట్లు ఎలా వచ్చాయి? వెయ్యికి కాస్త పైన మందిని, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 1006 మందిని సర్వే చేశారు. వాళ్ళల్లో దాదాపు సగం మంది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉద్యోగులే. అంటే ప్రశ్నపత్రం తయారుచేసినవాళ్ళే ఏ ప్రశ్నకి ఎన్ని మార్కులో కూడా చాలావరకు నిర్ణయించారు. వైద్యం కోసం పొలం తాకట్టు పెట్టిన మనిషిని అడిగితే ఐదో సబ్జెక్టుకి 25 శాతం చాలదనేవాడేమో.

వెయిట్ మారితే ఏమవుతుందో ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి నేను కల్పించిన దేశాలు. 'క' దేశానికి ఆరోగ్యంలో 80, ఖర్చు న్యాయంలో 50 మార్కులు. 'ఖ' దేశానికి ఆరోగ్యంలో 60, ఖర్చు న్యాయంలో 75. రెండిటికీ సగం సగం వెయిట్ ఇస్తే 'క' కి 65, 'ఖ' కి 67.5 వస్తాయి. 'ఖ' గెలిచింది. ఆరోగ్యానికి 70, న్యాయానికి 30 శాతం ఇవ్వండి. 'క' కి 71, 'ఖ' కి 64.5. ఇప్పుడు 'క' గెలిచింది. రెండు దేశాల్లోనూ ఒక్క ఆస్పత్రి కూడా మారలేదు, ఒక్క రోగి కూడా మారలేదు. మారింది మన ఎక్సెల్ షీట్‌లో ఒక గడి.

కోచింగ్ ఫీజు లెక్క

ఇంకో మెలిక ఉంది. ఫార్వర్డుల్లో తిరిగే 37, 112 లాంటి ర్యాంకులు ఈ ఐదు సబ్జెక్టుల మొత్తం మార్కుల ర్యాంకులు కావు. మొత్తం మార్కుల పట్టిక ఆ నివేదికలో వేరేగా ఉంది. అందులో జపాన్ మొదటిది, అమెరికా 15, మన దేశం 121.

మరి ఆఖరి ర్యాంకు దేన్ని చూపిస్తుంది? ఇలా ఊహించుకోండి. ఒకడు లక్షల ఫీజు కట్టి కార్పొరేట్ కాలేజీలో చదివి 85 తెచ్చుకున్నాడు. ఇంకొకడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివి 78 తెచ్చుకున్నాడు. మార్కులు చూస్తే మొదటివాడు పైన. ఉన్న వనరులతో ఎవరు ఎంత సాధించారు అని చూస్తే రెండోవాడు పైన. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండో రకం ర్యాంకు వేసింది. ఒక దేశం తలసరి వైద్య ఖర్చు, పెద్దవాళ్ళ సగటు చదువు తీసుకుని, వాటితో ఆ దేశం గరిష్ఠంగా ఎంత సాధించగలదో ఒక మోడల్‌తో అంచనా వేశారు. అసలు ఆరోగ్య వ్యవస్థే లేకపోతే కనీసం ఎంత వచ్చేదో కూడా అంచనా వేశారు. ఆ కనీసానికీ గరిష్ఠానికీ మధ్య దారిలో దేశం ఎంత దూరం వచ్చింది అన్నదే ఆఖరి స్కోరు.

అమెరికా 37కి దిగడానికి కారణం ఇదే. తలసరి ఖర్చులో అమెరికా ప్రపంచంలోనే మొదటిది. అంత పెట్టినవాడు ఇంకా ఎంతో సాధించాలి కదా అని మోడల్ మార్కులు కోసింది. ఒమన్ మొత్తం మార్కుల్లో 59, ఆఖరి పట్టికలో 8. చైనా మీద కూడా, మన మీద కూడా ఈ లెక్క పనిచేసింది. మొత్తం మార్కుల్లో మనం 121, ఖర్చులో 133, అందుకని ఆఖర్న 112. అంటే "తక్కువ ఖర్చుతో ఆ మాత్రం తెచ్చుకున్నారు" అని మోడల్ మనల్ని కాస్త పైకి జరిపింది. మా బాబాయి గొడవపడిన 112 నిజానికి మనకి కలిపిన గ్రేస్ లాంటిది.

మోడల్‌లో చదువు, ఖర్చు తప్ప మూడోది లేదు. ఆ రోజుల్లో దక్షిణాఫ్రికా ప్రాంతంలో ఎయిడ్స్ ఉప్పెనలా వచ్చిపడింది. బోట్స్‌వానాకి 169, దక్షిణాఫ్రికాకి 175 వచ్చాయి. అక్కడ మహమ్మారి ఉందని మోడల్‌కి తెలీదు. చచ్చిపోయిన ప్రతి మనిషినీ వ్యవస్థ చేతకానితనం ఖాతాలోనే రాసింది.

రాయని పేపర్‌కి మార్కులు

ఎంసెట్‌కి ఒక గొప్పతనం ఉంది. ఎంత తిట్టుకున్నా, అందరూ పేపర్ రాస్తారు. ఈ పరీక్షలో చాలా దేశాలు అన్ని పేపర్లూ రాయలేదు.

మర్యాద అనే మూడో సబ్జెక్టుని తీసుకోండి. దానికి సర్వే జరిగింది 35 దేశాల్లో. అది కూడా రోగులని అడగలేదు, విషయం తెలిసినవాళ్ళు అని ఎంచుకున్న కొందర్ని అడిగారు. మిగతా 156 దేశాల సంగతేంటి? ఉన్న దేశాల డేటా మీద రిగ్రెషన్ నడిపి, "ఇలాంటి దేశానికి ఇంత వచ్చి ఉంటుంది" అని నింపేశారు. మన భాషలో మిస్సింగ్ వాల్యూస్ ఇంప్యుటేషన్. ఫిజిక్స్ పేపర్ రాయనివాడికి వాళ్ళ నాన్న జీతం, అమ్మ చదువు చూసి మార్కులు వేసినట్టు.

ఇంప్యుటేషన్ తప్పేం కాదు, మనం కూడా ప్రతి డేటాసెట్‌లో చేస్తాం. రెండు మూడు శాతం ఖాళీలుంటే పర్వాలేదు. ఇక్కడ ఎంత? ఆ నివేదికకి ప్రధాన సంపాదకుడు ఫిలిప్ మస్‌గ్రోవ్. 2003లో ఆయనే లాన్సెట్ పత్రికలో వ్యాసం రాసి, ర్యాంకింగ్‌లోకి వెళ్ళిన సంఖ్యల్లో 61 శాతం నిజంగా కొలిచినవి కావని లెక్కతో సహా చూపించారు. 2010లో మళ్ళీ ఒక వైద్య పత్రికకి ఉత్తరం రాశారు. ఆ ర్యాంకుకి అర్థం లేదని, చచ్చినా లేచి తిరుగుతున్న ఆ నంబర్‌ని ఇకనైనా వాడకం నుంచి తీసెయ్యాలని దాని సారాంశం. తన చేతిమీదుగా వచ్చిన నివేదిక గురించి అంత బాహాటంగా చెప్పడం నాకు ఆశ్చర్యం అనిపించింది.

ఇంకోటి. నివేదిక వెనక ఉన్న పట్టికల్లో ప్రతి స్కోరు పక్కనా అనిశ్చితి హద్దులు కూడా అచ్చయ్యాయి. అంటే నిజమైన విలువ ఈ రెండు సంఖ్యల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు అని. పేపర్లు ఆ కాలమ్‌ని వదిలేసి ఒక్క ర్యాంకునే ముద్రించాయి. హద్దులతో చూస్తే పక్కపక్కన ఉన్న చాలా దేశాల మధ్య తేడా ఉందని చెప్పలేం.

ఆస్పత్రికి వెళ్ళనివాడి ఖర్చు సున్నా

ఐదో సబ్జెక్టు, ఖర్చు న్యాయం. ఇది చూసినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. అందులో మన దేశం ర్యాంకు 42 నుంచి 44 మధ్య. అమెరికా 54, 55 దగ్గర. చైనా 188, బ్రెజిల్ 189. మొదటి స్థానం కొలంబియాది. వైద్యానికి ఎక్కువ భాగం సొంత జేబులోంచి పెట్టుకునే మన దేశం న్యాయంలో 42 ఎలా అయింది? మన ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2013-14లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 64 శాతం జనం నేరుగా జేబులోంచి కట్టింది. 2021-22 నాటికి అది 39 శాతానికి దిగింది. 2000కి ముందు మన దగ్గర ఆరోగ్యశ్రీ లాంటిది కూడా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది మొదలైందే 2007లో.

కిటుకు కొలిచే పద్ధతిలో ఉంది. ఒక కుటుంబానికి తిండి ఖర్చు పోగా మిగిలే దాంట్లో ఎంత భాగం వైద్యానికి పోతోంది అని చూస్తారు. అన్ని కుటుంబాలకీ ఆ భాగం దగ్గరదగ్గరగా ఉంటే న్యాయం ఎక్కువ ఉన్నట్టు. మరి డబ్బు లేక ఆస్పత్రికే వెళ్ళని కుటుంబం? దాని వైద్య ఖర్చు సున్నా. ఈ లెక్కలో ఆ ఇంటి మీద ఏ భారమూ పడలేదు.

మా తాతయ్య (అమ్మ వాళ్ళ నాన్న) అలాగే పోయారు. నాలుగైదు రోజులు ఛాతీలో మంటగా ఉంది అన్నారు. అమ్మమ్మ టౌన్‌కి వెళ్దాం అంటే "గ్యాస్ లేవే, పోతే పరీక్షలని వేలకి వేలు గుంజుతారు, కోతలయ్యాక చూద్దాం" అన్నారట. సోడా తాగి పడుకున్నారు. ఐదో రోజు తెల్లవారి లేవలేదు. అందరూ గుండెపోటు అనుకున్నాం. డాక్టర్ ఎవరూ చూడలేదు కాబట్టి అది కూడా అనుకోవడమే. ఆ సంవత్సరం మా తాతయ్య ఇంటి వైద్యం ఖర్చు సోడా డబ్బులు. ఏ సర్వేవాళ్ళైనా వచ్చి అడిగి ఉంటే "ఈ కుటుంబానికి భారం లేదు" అనే రాసుకునేవాళ్ళు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని తర్వాత తెలిసింది. మన దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం ధ్రువీకరించినవి 2020లో 22.5 శాతం. మిగతా వాటికి కారణం డాక్టర్ రాసింది కాదు. సర్వేయర్లు ఇంటికి వెళ్ళి లక్షణాలు అడిగి తెలుసుకునే పద్ధతి ఒకటుంది. దాని మీద, మోడళ్ళ మీద ఆధారపడి అంచనాలు వేస్తారు. దేశాల పోలికలో మన వరసలో కనిపించే సంఖ్యల కింద ఇంత ఖాళీ ఉంది.

తర్వాత ఏమైంది?

చాలా దేశాలకి కోపం వచ్చింది. అందరికంటే ఎక్కువగా బ్రెజిల్‌కి. 1988 రాజ్యాంగంలోనే ఆరోగ్యం పౌరుల హక్కు అని రాసుకుని, అందరికీ ఉచిత వైద్యం వ్యవస్థ కట్టుకుంటున్న దేశానికి 125వ ర్యాంకు ఇచ్చారు. వాళ్ళు సంస్థ సమావేశాల్లోనే అభ్యంతరం చెప్పారు. పద్ధతులని పరిశీలించడానికి ఆర్థికవేత్త సుధీర్ ఆనంద్ అధ్యక్షతన నిపుణుల బృందం వేశారు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ర్యాంకుల పట్టిక మళ్ళీ వెయ్యలేదు.

కానీ నంబర్ మాత్రం బతికే ఉంది. 2007లో మైఖేల్ మూర్ తీసిన 'సికో' డాక్యుమెంటరీలో 37 కనపడుతుంది. ఒబామా వైద్య బీమా చట్టం చర్చల్లో 37 వినపడింది. దాని మీద యూట్యూబ్‌లో పాట కూడా వచ్చింది. మన దగ్గర 112. మనకి అనుకూలంగా ఉన్న నంబర్ని ఎలా కొలిచారో ఎవరూ అడగరు, అటువైపు వాళ్ళైనా ఇటువైపు వాళ్ళైనా.

అయితే దేశాలని పోల్చకూడదా?

పోల్చాలి. పోల్చకపోతే ఎక్కడ వెనకబడ్డామో తెలీదు. ప్రశ్న చిన్నదిగా, స్పష్టంగా ఉంటే పోలిక బాగా పనిచేస్తుంది. నాకు నచ్చిన పద్ధతి ఒకటి చెప్తాను.

ఆయుర్దాయం అంతా ఆస్పత్రుల చేతిలో లేదు. మంచినీళ్ళు, రోడ్లు, తిండి, సిగరెట్లు అన్నీ కలిస్తే అది వస్తుంది. అందుకని 1976లో అమెరికాలో డేవిడ్ రూట్‌స్టీన్ అనే డాక్టర్, ఆయన సహచరులు ఒక ఆలోచన చెప్పారు: సరైన వైద్యం సమయానికి అందితే జరగకూడని మరణాలనే లెక్కపెడదాం. అపెండిసైటిస్‌తో ఎవరైనా పోయారంటే, కాన్పులో తల్లి పోయిందంటే, తట్టు సోకి పిల్లాడు పోయాడంటే అక్కడ వ్యవస్థ ఎక్కడో తప్పింది.

ఈ పద్ధతితో ఎలెన్ నోల్టే, మార్టిన్ మెకీ 2008లో 19 సంపన్న దేశాలని పోల్చారు. 75 ఏళ్ళలోపు వాళ్ళల్లో ఇలాంటి ఆపగల మరణాలు 2002-03లో ఫ్రాన్స్‌లో లక్షకి 65, అమెరికాలో లక్షకి 110. ఫ్రాన్స్ మొదటిది, అమెరికా చివరిది. ఇక్కడ ర్యాంకు కంటే ఆ 45 తేడా ముఖ్యం. ఎందుకంటే దాన్ని జబ్బుల వారీగా విడదీసి ఎక్కడ పని చెయ్యాలో చూడొచ్చు.

ఇదే ఆలోచనని ప్రపంచమంతటికీ పెంచి, 32 కారణాల మరణాలతో 100కి స్కోరు ఇచ్చే సూచీని 2018లో లాన్సెట్‌లో ప్రచురించారు. అందులోనూ క్రిస్టఫర్ మర్రే ఉన్నారు. 2016 లెక్కల ప్రకారం ఐస్‌లాండ్ 97.1తో మొదటిది. మన దేశం 195లో 145, స్కోరు 41.2. శ్రీలంక 71, చైనా 48, బంగ్లాదేశ్ 133. నాకు ఇందులో రెండు విషయాలు ముఖ్యం అనిపించాయి. 1990లో మన స్కోరు 24.7, అంటే ఎదుగుదల ఉంది. రెండోది, దేశం లోపలి తేడా. కేరళ, గోవా 60 దాటితే అస్సాం, ఉత్తరప్రదేశ్ 40 లోపే. 41.2 అనే సగటు ఇటు కేరళ గురించీ నిజం చెప్పదు, అటు అస్సాం గురించీ చెప్పదు.

అయితే ఎంత మంచి సూచీ అయినా అది కొలిచిందే చెప్తుంది. రెండు ఉదాహరణలు చూడండి. న్యూయార్క్‌లోని కామన్‌వెల్త్ ఫండ్ కొన్నేళ్ళకోసారి సంపన్న దేశాలని పోలుస్తుంది. 2014లో 11 దేశాల్లో బ్రిటన్ మొత్తం మీద మొదటిది. కానీ జనం ఆరోగ్యం అనే విభాగంలో అదే బ్రిటన్ పదోది. ఆ సూచీలో ఎక్కువ భాగం వైద్యం ఎంత సులువుగా దొరుకుతోంది, ఎంత పద్ధతిగా జరుగుతోంది అన్నదాని మీద ఉంటుంది. బ్రిటన్ అందులో నిజంగానే గొప్పది. మొత్తం ర్యాంకు ఒక్కటే చదివినవాడికి పదో స్థానం సంగతి తెలీదు.

రెండోది ఇంకా ఘోరం. 2019 అక్టోబర్‌లో, మహమ్మారిని ఎదుర్కోడానికి ఏ దేశం ఎంత సిద్ధంగా ఉందో చెప్పే ప్రపంచ ఆరోగ్య భద్రత సూచీ వచ్చింది. 195 దేశాల్లో అమెరికా 83.5 స్కోరుతో మొదటిది, బ్రిటన్ రెండోది. న్యూజీలాండ్ 35, వియత్నాం 50, మనం 57. తర్వాత కొన్ని నెలలకే కోవిడ్ వచ్చింది. అమెరికాలో పది లక్షలకి పైగా పోయారు. 35వ ర్యాంకు న్యూజీలాండ్ మొదటి రెండేళ్ళూ ప్రపంచానికే ఉదాహరణగా నిలిచింది. ఆ సూచీ ల్యాబులు, ప్లాన్లు, చట్టాలు ఉన్నాయా అని చూసింది. అవసరం వచ్చినప్పుడు వాటిని వాడతారా, జనం ప్రభుత్వాన్ని నమ్ముతారా అని చూడలేకపోయింది. ఇంకో సంగతి, అదే నివేదికలో వైద్యం అందరికీ అందుబాటులో ఉండడంలో అమెరికా స్థానం 175. హెచ్చరిక లోపలే ఉంది, మొదటి ర్యాంకు కింద కప్పడిపోయింది.

0.01 తేడా

ఇక మన దగ్గరికి వద్దాం. నీతి ఆయోగ్ రాష్ట్రాలకి ఇలాంటి ఆరోగ్య సూచీ వేసింది. 2021 డిసెంబర్‌లో వచ్చిన నాలుగో విడతలో 19 పెద్ద రాష్ట్రాలని 24 సూచికలతో పోల్చారు. కేరళ 82.20తో మొదటిది, తమిళనాడు రెండు, తెలంగాణ మూడు, ఆంధ్రప్రదేశ్ నాలుగు.

తెలంగాణ స్కోరు 69.96. ఆంధ్రప్రదేశ్ స్కోరు 69.95.

వందకి 0.01 తేడా. మన హాస్టల్లో రెండు రాష్ట్రాల వాళ్ళూ ఉన్నారు కాబట్టి దీని మీద ఎన్ని గంటలు వాదించుకోవచ్చో నేను చెప్పక్కర్లేదు. 24 సూచికల్లో ఒక్కదాని వెయిట్ వెంట్రుకవాసి కదిపినా స్థానాలు తారుమారు కావచ్చు. ఆ 0.01 మీద గొడవపడే బదులు కేరళకీ మనిద్దరికీ మధ్య ఉన్న 12 మార్కులు ఎక్కడ పోయాయి అని అడిగితే ఉపయోగం. ఉత్తరప్రదేశ్ కథ కూడా చూడండి. మొత్తం స్కోరులో చివరిది, 30.57. ముందటి ఏడాదితో పోలిస్తే ఎదుగుదలలో మాత్రం మొదటిది. ఒకే నివేదికలోంచి పొగిడేవాళ్ళకీ తిట్టేవాళ్ళకీ చెరో హెడ్‌లైన్ దొరుకుతుంది.

ఈసారి ఫార్వర్డ్ వస్తే

నేనిప్పుడు ఏ ర్యాంకు కనపడినా నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. ఏ సంవత్సరంది? ఏం కొలిచారు, ఏం కొలవలేదు? వెయిట్లు ఎవరు నిర్ణయించారు? సంఖ్యల్లో కొలిచినవెన్ని, ఊహించి నింపినవెన్ని? ఈ నాలుగూ ఆరోగ్యానికే కాదు, మన కాలేజీ ర్యాంకుకి కూడా పనికొస్తాయి.

మన బ్రాంచ్ వాళ్ళకి ఒక మాట. మనకి మోడల్ అంటే మోజు. 2000 నివేదికలో లెక్కలు తెలివైనవే, ఫార్ములా కూడా ఆలోచించి రాసిందే. దాని కిందకి వెళ్ళిన డేటాలో సగానికి పైగా లేదు. మండల ఆస్పత్రిలో మరణం కారణం సరిగ్గా రాయించే ఒక మామూలు యాప్, ఊళ్ళో ఆశా వర్కర్ ఫోన్లో నెట్ లేకపోయినా పనిచేసే ఒక ఫారం, కొత్త ర్యాంకింగ్ ఆల్గరిథమ్ కంటే ఎక్కువ నిజం చెప్తాయని నా నమ్మకం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతున్న సీనియర్లు ఎవరైనా ఉంటే నాతో మాట్లాడండి. ఆస్పత్రికి వెళ్ళనివాళ్ళని ఎలా లెక్కపెట్టాలి అన్న ప్రశ్న నా దగ్గర ఇంకా అలాగే ఉంది.